రాకాసి నోట్లో ఎవరి పళ్ళు

కట్టుడు పళ్ళు చేసేవాడికి ముఖాలు గుర్తుండవు, దవడలు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా పలకరిస్తే మా పళ్ళాయన కాసేపు తెల్లమొహం వేసేవాడు. అవతలి మనిషి నవ్వాక గానీ "ఓహో, మీరా" అనేవాడు కాదు. కోపిష్టి వాళ్ళతో ఆయనకు పెద్ద చిక్కు. వాళ్ళు నవ్వరు గనక వాళ్ళెవరో ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఆయన ఇంటి మేడమీద గదిలో నేను కొన్నేళ్ళు అద్దెకున్నాను. ఒక ఊళ్ళో అన్నేళ్ళు నిలవడం నాకు అదే మొదలు, అదే చివర. కింద ముందుగది ఆయన పనిచోటు. మైనం కరిగించే చిన్న స్టవ్వు, మూల ప్లాస్టర్ బస్తా, పళ్ళు అరగదీసే మోటారు, గోడ పొడుగునా అరల్లో దవడలు. ఊళ్ళోని దంతవైద్యులు రోగి నోట్లో అచ్చు తీసి డబ్బాలో పంపుతారు. ఈయన పళ్ళు చేసి అదే డబ్బాలో తిప్పి పంపుతాడు. సాయంత్రానికి కనురెప్పలతో సహా మనిషంతా తెల్లటి పొడి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే "దవడ కుదరలేదు" అనేవాడు.

అరిగిపోయిన దవడలు, తప్పిన అచ్చులు ఆయన పారెయ్యడు. అన్నీ ఒక పెద్ద చెక్కపెట్టెలో పడేస్తాడు. ఆ పనివాళ్ళందరికీ ఉన్న అలవాటే అది, ఎప్పుడు ఏ వంకర పనికొస్తుందో అని. వాళ్ళ లెక్కలో అచ్చు తీశాక అది ఏ మనిషిదీ కాదు. మంగలి షాపులో నేలమీది జుట్టు ఎవరిదని ఎవరైనా అడుగుతారా?

ఆయన చెల్లెలు పోయింది. బావ ఏడాది తిరక్కుండా మళ్ళీ పెళ్ళి చేసుకుని, తొమ్మిదో క్లాసు చదువుతున్న కూతుర్ని తెచ్చి ఇక్కడ దింపాడు. "కొన్నాళ్ళు నీ దగ్గరుండనీ బావా, అక్కడ సర్దుకోలేకపోతోంది" అన్నాడు. సర్దుకోలేకపోతున్నది ఆ పిల్లో, కొత్త పెళ్ళామో, ఈయన అడగలేదు. అడిగే మనిషి కాదు. ఆ పిల్ల చెప్పే మనిషి కాదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటుంటే మేడమీద నాకు గరిటె చప్పుడు మాత్రం వినపడేది. "ఊఁ", "వద్దు", "సరే" అన్న మూడు మాటలతో ఆ పిల్ల నెలల తరబడి సంసారం గడిపింది. బడిలో అవీ లేవట. టీచరు హాజరు పిలిస్తే చెయ్యెత్తి ఊరుకునేదట. కొన్నాళ్ళకు బడికి వెళ్ళడమే మానేసి, పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది.

ఆట ఆ ఇంట్లోకి ఒక పన్ను ద్వారా వచ్చింది. ఆ పిల్ల క్లాసులో అందరూ లంబు అని పిలిచే పొడుగు కుర్రాడొకడు సైకిల్ మీంచి పడి ముందుపన్ను విరగ్గొట్టుకున్నాడు. తొడుగు కోసం వచ్చినవాడు అరల్లోని దవడలు చూసి వెళ్ళనన్నాడు. మర్నాడు సోడాబుడ్డి కళ్ళద్దాల అమ్మాయినీ, ఇంకో ఇద్దరినీ వెంటేసుకొచ్చాడు. "మావయ్యా, శనివారం శనివారం ఇక్కడ ఆడుకోవచ్చా? మా ఇళ్ళల్లో చోటివ్వరు" అన్నాడు. వాడు ఆయన్ని మావయ్య ఎందుకన్నాడో తెలియదు. ఆయనా కాదనలేదు.

రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారట దాన్ని. పిల్లలు కథాట అనేవారు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి. ఎవరేం చేస్తామంటే అది చెయ్యొచ్చు, కానీ ఫలించేదీ లేనిదీ పాచిక తేలుస్తుంది. గెలుపూ ఓటమీ లేవు. కథ సాగుతూనే ఉంటుంది. పేరు పెట్టి పిలవకపోయినా ఈ పని లోకంలో ప్రతి అరుగుమీదా జరిగేదే. నువ్వు రాజువి, నేను దొంగని అనుకోని పిల్లలెక్కడున్నారు? ఇప్పుడు దానికి నియమాల పుస్తకాలూ, ఇరవై ముఖాల పాచికలూ వచ్చాయి, అంతే.

సోడాబుడ్డి కథ చెప్పేది. పళ్ళాయన మేనకోడల్ని కూడా కూర్చోబెట్టారు. "నువ్వెవరు?" అంటే "మూగదాన్ని" అంది. "సరే, మూగదానివే" అని రాసుకున్నారు. ఎవరూ మాట్లాడమని బతిమాలలేదు. పిల్లల్లో ఉన్న ఆ మర్యాద పెద్దవాళ్ళలో నేనెక్కడా చూడలేదు.

ఒక శనివారం కథలో వంతెన వచ్చింది. కాపలావాడు దారి అడ్డగించాడు. సోడాబుడ్డి గొంతు బొంగురు చేసి, "దాటాలంటే మీలో ఒకరు నా దగ్గర పనికి ఉండిపోవాలి" అంది. లంబు కత్తి తీస్తానన్నాడు. పాచిక వేస్తే ఒకటి పడింది. కత్తి ఏట్లో పడిపోయింది. అందరూ వాణ్ణి తిడుతుంటే ఒక సన్నటి గొంతు లేచింది.

"నేనుంటాను."

"నువ్వు మూగదానివి కదే" అన్నాడు లంబు.

"ఇప్పుడు కాదు. కాపలాదారు గారూ, నేనుంటాను. కానీ మూడు పూటలా తింటాను. పనిచెయ్యడం రాదు. పాటలు పాడతాను, అవీ రావు. నిద్రలో పళ్ళు కొరుకుతాను, అది మాత్రం బాగా వచ్చు. ఆలోచించుకోండి."

సోడాబుడ్డి నవ్వాపుకోలేక బల్లమీద తల పెట్టేసింది. "పొండి, పొండి, అందరూ పొండి" అంది.

పక్కన మోటారు ఆగిపోయింది. మెట్ల మీద కూర్చున్న నాకు పళ్ళాయన వీపు కనిపిస్తోంది. చేతిలో మైనం చల్లారి గట్టిపడిపోయినా ఆయన కదల్లేదు.

ఆ తర్వాత ఆ పిల్లకు కడుపునొప్పులు తగ్గాయి. బడికి వెళ్ళకపోతే శనివారం దాకా కబుర్లు తెలియవుగా మరి. మేనమామను మందలించేదాకా వచ్చింది. "మావయ్యా, అన్నంలో ప్లాస్టర్ రాలుతోంది, చేతులు కడుక్కోవా?" అంటుంటే ఆయన మొహం వెలిగిపోయేది. ఆయన బతుకులో నాకు తెలిసి అంత సుఖపడిన రోజులు లేవు. పిల్లల కోసం బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. చిటికెనవేలంత మనుషులు, గుర్రాలు, కూలిన కోట. చివరికి రాకాసి కావాలన్నారు. జానెడు తల, తెరిచిన నోరు. నోట్లోకి దవడ కావలసి వచ్చి ఆయన చెక్కపెట్టెలో చెయ్యిపెట్టాడు. ఎడమవైపు కోరపన్ను పక్కకు తిరిగి పెదవిని పొడుస్తున్నట్టున్న దవడ ఒకటి దొరికింది. "ఇదిరా రాకాసి పన్నంటే" అని మురిసిపోయి అతికించాడు. మేనకోడలు రంగు వేసింది. పిల్లలు దానికి వంకరపన్ను దొర అని పేరు పెట్టారు.

ఆ దవడ కాలనీ సంఘం ప్రెసిడెంటు గారిది.

ప్రెసిడెంటు గారు బడి కమిటీలో కూడా పెద్ద. తీరైన మనిషి, తీరైన క్రాపు, సభల్లో నవ్వే నవ్వు. ఆ నవ్వంతా కట్టుడని ఊళ్ళో ఒక డాక్టరుకీ పళ్ళాయనకీ తప్ప తెలియదు. పాత పళ్ళలో ఉన్న వంకర కొత్తవాటిలోనూ ఉండాలని ఆయన పట్టుబట్టాడు. "తీరుగా ఉంటే కనిపెట్టేస్తారయ్యా. నా వంకర నాకే ఉండాలి" అన్నాడు. ఆ వంకర కుదరడానికి నాలుగైదు అచ్చులు తప్పాయి. తప్పినవి పెట్టెలోకి వెళ్ళాయి. సరిచేయించుకోవడానికి ఆయన డాక్టరు దగ్గరికి వెళ్ళేవాడు కాదు. అక్కడ జనం ఉంటారు. చీకటి పడుతుండగా మా పెరటి తలుపు తట్టేవాడు.

ఒక శనివారం చిగురు ఒరుసుకుపోతోందని చీకటి పడకముందే వచ్చాడు. లోపల ఆట మంచి పాకంలో ఉంది.

"పన్ను రాలగొట్టు! ఆ వంకరది!" అంటున్నాడు లంబు.

"ఆగరా. ముందు బేరమాడనీ" అంది మేనకోడలు. "దొరగారూ, ఆ పన్ను మాకిచ్చేస్తే మీరు నవ్వినప్పుడు జనం పారిపోరు."

పిల్లలు పడీపడీ నవ్వారు. ప్రెసిడెంటు గారు గుమ్మంలో నిలబడిపోయాడు. చెయ్యి తనంతట తనే ఎడమ చెంప మీదికి వెళ్ళింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడంటారు. ఇక్కడ ఎవరూ దొంగ అననే లేదు, పాపం.

"ఏమిటిది?" అన్నాడు.

"పిల్లల ఆటండి" అన్నాడు పళ్ళాయన, చేతులు తుడుచుకుంటూ. "కూర్చోండి, చూస్తాను." అప్పటికీ ఆయనకు తట్టలేదు. ప్రెసిడెంటు గారు నవ్వలేదు కదా. నవ్వితే తట్టి ఉండేది.

చిగురు చూపించుకోకుండానే ఆయన వెళ్ళిపోయాడు. ఆయన మొహం చూసింది మేనకోడలు. రాకాసి తల చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "మావయ్యా, ఇవి ఆయనవేనా?" అంది. పళ్ళాయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, కుర్చీలో కూలబడ్డాడు.

వెళ్ళి కాళ్ళమీద పడితే పోయేదేమో. కానీ ఏమని పడతాడు? ఆ మాట నోటితో అనడమే రెండో అవమానం.

ఆ వారంలోనే పిల్లల మానసిక ఆరోగ్యం గురించి కాలనీకి బెంగ పుట్టుకొచ్చింది. అంతకుముందు ఏడాది పరీక్ష తప్పిన కుర్రాడొకడు ఇంట్లోంచి పారిపోతే పుట్టని బెంగ. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనేవాళ్ళకు ఏ ఊళ్ళోనూ కరువు లేదు. నా చిన్నప్పుడు నవలలు చదివే ఆడపిల్లలు చెడిపోతారన్నారు. తర్వాత సినిమా, తర్వాత టీవీ, తర్వాత ఫోను. ఇంకెక్కడో చదరంగం ఆడే కుర్రాళ్ళకు మతి పోతుందని నమ్మేవాళ్ళ మధ్య కూడా నేను కొన్నాళ్ళున్నాను. పిల్లల కోసం భయపడడం పెద్దవాళ్ళకు చవగ్గా దొరికే పుణ్యం. వాళ్ళతో కూర్చుని మాట్లాడడం ఖరీదు.

బడి హాల్లో సభ పెట్టారు. కౌన్సెలింగ్ చేసే ఒకావిడ తెరమీద బొమ్మలు వేసి లక్షణాలు చెప్పింది. తలుపేసుకోవడం, తిండి తగ్గడం, లేదా పెరగడం, ఊరికే కోపం, ఊరికే నవ్వు, అద్దంలో చూసుకుని మాట్లాడుకోవడం.

ముందు వరసలో ఒక తల్లి లేచింది. "ఇవన్నీ మావాడికి ఉన్నాయండీ. కానీ వాడు ఆ ఆట ఆడడు."

"అంటే ఇంకా మొదలుపెట్టలేదన్నమాట. జాగ్రత్తగా ఉండండమ్మా."

"మా ఆయనకి కూడా ఉన్నాయి" అని వెనకనుంచి ఇంకెవరో అంటే నవ్వులు లేచాయి. ప్రెసిడెంటు గారు చెయ్యెత్తగానే ఆగిపోయాయి. ఆయన బాగా మాట్లాడాడు. పిల్లలు మనవాళ్ళన్నాడు, ఊహల్లో బతకడం రోగమన్నాడు, ఒక పెద్దమనిషే చోటివ్వడం దారుణమన్నాడు. సోడాబుడ్డి తండ్రి ఎక్కణ్ణుంచి లాక్కొచ్చాడో, ఒక సంచిలోంచి రాకాసి తల తీసి బల్లమీద పెట్టాడు. ప్రెసిడెంటు గారి మాట తడబడింది. దాన్ని తెమ్మని ఆయన అనలేదు.

"దీని నోరు చూడండి" అన్నాడు సోడాబుడ్డి తండ్రి. "ఇవి మనిషి పళ్ళు."

"ప్లాస్టర్ అండి" అన్నాడు పళ్ళాయన లేచి. "అచ్చు."

"అచ్చంటే? ఎవరో మనిషి నోట్లోంచి తీసిందేగా?"

"అవునండి."

"ఎవరి పళ్ళవి?"

హాలంతా ఆయన వైపు తిరిగింది. ప్రెసిడెంటు గారు పెదాలు బిగించుకుని కూర్చున్నాడు. పళ్ళాయన అనాల్సింది ఒక్క మాట. ఆ మాట అంటే సభ నవ్వుల్లో లేచిపోతుంది, బెంగ ఎగిరిపోతుంది, శనివారాలు మిగులుతాయి. పక్కన మేనకోడలు ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగుతోంది. "చెప్పు మావయ్యా" అంటోంది, అందరికీ వినపడేటట్టే.

పళ్ళాయనకు పని నేర్పిన ముసలాయన ఒక్కటే ఒట్టు వేయించుకున్నాడట. నోట్లో చూసింది నోరు దాటకూడదని. ఊళ్ళో సగంమంది నవ్వులు ఆ ఒట్టుమీద నిలబడి ఉన్నాయి. అది నిజం. వాగే మనిషికి ఏ డాక్టరూ పని పంపడు. అదీ నిజం. ధర్మమూ భయమూ ఒకే చొక్కా తొడుక్కుని వస్తే లోపల ఎవరున్నారో తొడుక్కున్నవాడికే తెలియదు.

"పాత అచ్చండి" అన్నాడు. "ఎవరిదో గుర్తులేదు."

చొక్కా మీది చెయ్యి జారిపోయింది.

"గుర్తులేదంటే? ఉన్నవాళ్ళవా, పోయినవాళ్ళవా?" అన్నారెవరో.

ఆయన జవాబు వెతుక్కునేలోపు ఆ మాట నాలుగు వరసలు దాటిపోయింది. సభ ముగిసేసరికి పళ్ళాయన చచ్చినవాళ్ళ పళ్ళు పీకి పిల్లలచేత ఆడిస్తున్నాడు. మర్నాటికి అవి శ్మశానం నుంచి వస్తున్నాయి. ప్రెసిడెంటు గారు ఒక్క మాట అంటే ఆగేది. అనలేదు. మనల్ని అవమానించినవాణ్ణి క్షమించొచ్చు. మన గుట్టు దాచిపెట్టి కాపాడినవాణ్ణి క్షమించడం కష్టం, వాడు కనిపించినప్పుడల్లా అప్పు గుర్తొస్తుంది.

లంబునీ సోడాబుడ్డినీ ఇళ్ళల్లో కట్టేశారు. బడిలో ఈ పిల్ల పక్కన ఎవరూ కూర్చోవద్దన్నారు. పనులు పంపే డాక్టర్లలో ఇద్దరు మానేశారు. నోరు మూసుకున్నందుకు దక్కిన ఫలం అది. వారం తిరిగేసరికి బావ కారేసుకుని వచ్చాడు.

"నీమీద నమ్మకంతో వదిలాను కదా" అన్నాడు.

"దానికేం కాలేదు బావా. మాట్లాడుతోంది, చూడు. నువ్వే అడుగు."

"దెయ్యాలతోనా? కౌన్సెలింగ్ ఆవిడ చెప్పింది. హాస్టల్లో వేస్తున్నాను, క్రమశిక్షణ ఉంటుంది." తర్వాత కూతురి వైపు తిరిగి, "ఏమ్మా, వెళ్దామా?" అన్నాడు.

"ఊఁ" అంది ఆ పిల్ల.

పళ్ళాయన పెట్టె మోసుకుంటూ కారుదాకా వెళ్ళాడు. "అమ్మడూ, ఒట్టు తప్పితే..." అని మొదలుపెట్టాడు.

"ఎవరి మీద ఒట్టు మావయ్యా? నామీద కాదుగా" అంది, కారెక్కుతూ.

ఆ ఏడాదంతా ఆయన శనివారాలు హాస్టలుకి వెళ్ళేవాడు. మేనమామ అంటే తండ్రి లెక్కలోకి రాడని గేటు దగ్గరే కూర్చోబెట్టేవారు. ఒకటి రెండుసార్లు పిల్ల వచ్చి, నిలబడి, "సరే", "వద్దు" అని వెళ్ళింది. ప్రెసిడెంటు గారు మాత్రం చీకటి పడుతుండగా పెరటి తలుపు తట్టడం మానలేదు. వేరే చోటికి పోతే ఇంకో మనిషికి తెలుస్తుంది కదా. పళ్ళాయన ఆయన చిగురు సరిచేసి పంపేవాడు, ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడుకోకుండా. "రెండు రోజులు నొప్పి పుట్టేలా అరగదీసి పంపకూడదా?" అన్నాను ఒకసారి. "దవడకేం తెలుసండీ" అన్నాడు.

మరుసటి ఏడు అదే హాల్లో మళ్ళీ సభ. ఈసారి బాగుపడిన పిల్లచేత మాట్లాడిస్తామని ప్రకటించారు. పళ్ళాయన నన్ను తోడు రమ్మన్నాడు. గోడవార నిలబడ్డాం.

మేనకోడలు వేదిక ఎక్కింది. కాస్త పొడుగైంది. మైకు తన ఎత్తుకు సరిచేసుకుని, హాలు సద్దుమణిగేదాకా ఆగి, మొదలుపెట్టింది. "నేను రాత్రిళ్ళు నిద్రపోయేదాన్ని కాదు. గోడమీద నీడలు నన్ను పేరు పెట్టి పిలిచేవి." తల్లులు కొంగులూ చున్నీలూ నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఒక్క క్షణం ఆగి జనాన్ని ఉగ్గబట్టించాలో ఆ పిల్లకు తెలుసు. అది హాస్టలు నేర్పిన విద్య కాదు. ఏ బల్ల దగ్గర నేర్చిందో ఆ బల్ల మీదే నిప్పులు పోస్తోంది. అందులో ఒక్క ముక్క నిజం లేదని ఆ హాల్లో తెలిసినవాళ్ళు ముగ్గురమే, మాట్లాడుతున్న ఆ పిల్లతో కలిపి. చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. ప్రెసిడెంటు గారు లేచి నవ్వుతూ జ్ఞాపిక ఇచ్చాడు. ఆ పిల్ల ఆయన మొహంలోకి చూస్తూ తీసుకుంది.

బయట వరండాలో ఎదురైంది.

"బాగా మాట్లాడానా మావయ్యా?"

"బాగా మాట్లాడావు."

"హాస్టలు మాన్పించి ఇంటికి తీసుకెళ్తానన్నాడు నాన్న, ఇలా చెప్తే."

"మా ఇంటికి రాకూడదూ?"

"ఇంత చెప్పాక నీ దగ్గరికెలా పంపుతారు?" అంది, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. జ్ఞాపిక చంకలోకి మార్చుకుని, "నీకు నిజం తెలుసు, అన్లేదు. నేను అబద్ధమని తెలిసీ అన్నాను. చప్పట్లెవరికి కొట్టారు?" అంది.

ఆ పిల్ల నల్ల బూటు మీద సుద్దముక్క పొడి అంటి ఉంటే ఆయన వంగి తుడవబోయాడు. కాలు వెనక్కి తీసుకుంది, విసురుగా కాదు, మర్యాదగానే.

కారు హారను మోగింది. వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదని రాస్తే కథకు బాగుంటుంది. కానీ చూసింది. చూసి, తండ్రి ఏదో అడిగితే తల ఊపి, కారెక్కి తలుపేసుకుంది.